పై మెట్టు మీది సైగ

పోయినవారం మేనత్తను మనం వదిలిపెట్టింది మూడో నంబరు కోర్టు పక్కన, మెట్ల వరసల్లో అన్నిటికన్నా పైదాని మీద. నెత్తిన తువ్వాలు కప్పుకుని, కళ్ళు చికిలించి కిందికి చూస్తోంది. జూనియర్ల టోర్నమెంట్లో అది క్వార్టర్ ఫైనల్. ఆడుతున్నది ఆమె అన్న కూతురు. పదిహేనేళ్ళ పిల్ల. చిన్నప్పుడు నోటికి మూతే ఉండేది కాదు గనక ఇంటిల్లిపాదీ గిలక అని పిలిచేవాళ్ళు, ఆ పేరే ఉండిపోయింది. మొదటి వరసలో కోచ్ బ్యాడ్జి మెడలో వేసుకుని కూర్చున్న మనిషి, క్రీడా సంఘం వాళ్ళు మూడు వారాల క్రితం పంపిన కొత్త కోచ్. పాతికేళ్ళుంటాయేమో. తల మీది టోపీ తియ్యదు. ఆమెకు మేనత్త పెట్టిన పేరు కూడా అదే. ఆ టోపీ, గిలక సర్వీసుకు నిలబడ్డప్పుడల్లా ఎడమ చెవి పట్టుకు లాగుతోంది. ఆ వెంటనే గిలక బంతిని బయటి గీతకేసి తిప్పి కొడుతోంది. అవతలి పిల్ల అందుకోలేకపోతోంది.

సైగ, అనుకుంది మేనత్త. అనుకున్న మరుక్షణం ఆమె కడుపులో ఏదో చల్లబడినట్టయింది.

ఎందుకు చల్లబడిందో అర్థం కావాలంటే, ఆ మూడు వారాలూ అది ఎంత మండిందో తెలియాలి.

మేనత్త బళ్ళో ఆటల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు తనూ టెన్నిస్ ఆడింది, బాగానే ఆడింది, కానీ ఎవరూ గుర్తుపెట్టుకునేంతగా కాదు. అన్న కూతురికి ఏడో ఏట తన పాత రాకెట్ చేతికిచ్చి, పిడి లావుగా ఉందని ఏడిస్తే చెక్కి సన్నం చేసి, గోడకేసి బంతి కొట్టించింది. ఆ రోజు నుంచి పిల్ల రాకెట్‌కి పట్టీ చుట్టిన చెయ్యి ఆమెది. మ్యాచ్ పొద్దున జడ బిగించి వేసిన చెయ్యి ఆమెది. ఈ టూర్ కోసం బడికి సెలవు పెట్టి, ఊరు తర్వాత ఊరు పిల్ల సంచి మోసుకుంటూ వచ్చింది.

అప్పుడు దిగింది టోపీ.

మొదట జడ పోయింది. "ముడి అయితే మెడకి చెమట పట్టదట అత్తా," అని ముడి వేయించుకు వచ్చింది గిలక. తర్వాత రాకెట్ పట్టీలు పోయాయి. ఒకరోజు హోటల్ భోజనాల గదిలోకి వెళ్ళేసరికి ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటున్నారు. మేనత్త ప్లేటు పట్టుకుని వెళ్ళి కూర్చుంది. నవ్వు ఆగిపోయింది. "ఏంటే, నాకూ చెప్పచ్చుగా," అంది. "ఏం లేదులే అత్తా," అంది గిలక. మేనత్త ముందు ముళ్ళ మీద ఉన్నట్టు కూర్చునే పిల్ల, గోడ అవతలి గదిలో టోపీ దగ్గర మాత్రం వసపిట్టలా వాగుతుంటే, ఆ వాగుడు గోడలోంచి వినిపించేది.

అన్నిటికన్నా గుచ్చుకున్నది పిలుపు. వచ్చిన రోజున గిలక ఆమెను "మేడమ్, మీరు" అంది. వారం తిరిగేసరికి "అక్కా, మీరు" అయింది. ఇప్పుడు "అక్కా, నువ్వు". మేనత్త ఆ మెట్లు ఒక్కొక్కటే దిగడం విన్నది. ఆ పిల్ల చేత నువ్వు అనిపించుకోవడానికి తను ఎన్నాళ్ళు ముక్కు తుడవాల్సి వచ్చిందో, ఈవిడకి రెండు వారాలు చాలాయి.

దానికి తోడు, నలభై రెండేళ్ళ తనని టోపీ "ఆంటీ" అంటుంది.

"అక్క చెప్పింది అత్తా, బ్యాక్‌హ్యాండ్‌కి భుజం ముందే తిప్పేయాలట."

"నాలుగేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదే కదే."

"నువ్వు అరిచి చెప్పేదానివి. అక్క చెబితే అర్థమైంది."

అర్థమవడమే కాదు, ఫలితమూ కనిపించింది. టూర్ మొదట్లో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టిన పిల్ల ఇవాళ క్వార్టర్ ఫైనల్లో ఉంది. మేనత్తకి సంతోషం లేదా అంటే ఉంది. ఆ సంతోషం అన్నంలో రాయిలా పంటి కింద పడుతోంది. నేను ఎనిమిదేళ్ళు దున్నిన పొలం, ఈవిడ వచ్చి కోసుకుపోతోంది. ఇదీ ఆమె లోపల తిరుగుతున్న మాట.

అందుకే ఆ చెవి కనిపించగానే చల్లబడింది. ఓహో, ఇదా సంగతి. పాఠం కాదు, దొంగాట.

ఈ టూర్‌లో జూనియర్లకు నియమం గట్టిది. సెట్టు నడుస్తుండగా కోచ్ గాని, ఇంటివాళ్ళు గాని ఆడే పిల్లకి ఏమీ చెప్పకూడదు. మాటతోనూ కాదు, సైగతోనూ కాదు. చప్పట్లు కొట్టచ్చు, అంతే. ఉల్లంఘిస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఒక పాయింటు పోతుంది, ఆ పైన ప్రతిసారీ ఒక గేమ్. శిక్ష చెప్పిన వాళ్ళకి కాదు, ఆడే పిల్లకే. ఈ నియమాలన్నీ గిలకకి కూర్చోబెట్టి నేర్పింది మేనత్తే. "కోర్టులో దిగాక నీకెవ్వరూ లేరు, నా వైపు చూడకూడదు," అని చెప్పింది.

మొదటి సెట్టు గిలక గెలిచింది, ఆరు నాలుగు. రెండో సెట్టులోనూ ఒక గేమ్ ముందుంది. టోపీ చెవి లాగుతూనే ఉంది. మేనత్త లేచింది.

పిల్లకి దెబ్బ తగులుతుందని తెలీదా? తెలుసు. మెట్లు దిగుతున్నంతసేపూ తనకి తనే సర్దిచెప్పుకుంది: మొదటిసారి ఉత్త హెచ్చరికే, పాయింటేం పోదు. టోపీ భయపడి చేతులు ముడుచుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది పిల్లకి, ఆట ఎవరు నేర్పారో, సైగలు ఎవరు చేశారో. అక్కడికి ఇదంతా పిల్ల మంచికే అన్నట్టు, నడక కూడా హుందాగా మార్చుకుంది.

రిఫరీ కోర్టుల మధ్య నీడలో నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసిన మనిషి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుని మాట్లాడతాడు.

"సార్, మూడో కోర్టులో కోచింగ్ నడుస్తోంది. మొదటి వరసలో టోపీ పెట్టుకున్నావిడ. సర్వీసు ముందు ఎడమ చెవి పట్టుకుంటుంది చూడండి."

"మీరు అవతలి అమ్మాయి తరఫా?"

మేనత్త నెత్తిన తువ్వాలు సర్దుకుంది. "కాదు. ఈ అమ్మాయి తరఫే."

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. "మీ అమ్మాయికే హెచ్చరిక పడుతుంది, తెలుసు కదా."

"తప్పు తప్పే కదండీ."

"సరే. నేను చూస్తాను."

ఆమె వెళ్ళి మళ్ళీ పై మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి రిఫరీ లోపలికి వచ్చి, అంపైర్ కుర్చీ వెనక, మెట్ల వరసలన్నీ ఎదురుగా కనిపించేలా నిలబడ్డాడు. రెండు గేములు చూశాడు. ఆటగాళ్ళు వైపులు మారేటప్పుడు అంపైర్ చెవిలో ఏదో చెప్పాడు. అంపైర్ మైకు దగ్గరికి వంగింది.

"కోచింగ్. హెచ్చరిక."

టోపీ ఉలిక్కిపడి వెనక్కీ పక్కకీ చూసింది, ఎవర్ని అంటున్నారో తెలీనట్టు. ఎంత నటన, అనుకుంది మేనత్త. రిఫరీ తలెత్తి తిన్నగా మేనత్త వైపే చూశాడు. చెప్పినందుకు ధన్యవాదాలు అంటున్నాడనుకుని ఆమె చిన్నగా తల ఊపింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఎండకేమో అనుకుంది.

గిలక కూడా పైకే చూసింది. ఆ చూపు మేనత్తకి కాస్త చురుక్కుమంది. తను చెప్పిందని పిల్లకి తెలిసిపోయిందా? ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత ఆట దారి తప్పింది. గిలక సర్వీసుకు నిలబడి, బంతి నేలకేసి ఎక్కువసార్లు కొట్టి, తల ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, ఏదీ తేల్చుకోలేనట్టు కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఐదు ఐదు మీదికి వచ్చారు. గిలక సర్వీసు. ఒక పాయింటు వెనకబడి ఉంది, ఇంకొక్కటి పోతే గేమ్ పోతుంది. మేనత్త ఊపిరి బిగబట్టింది. ఆ క్షణానికి టోపీ లేదు, చెవి లేదు, కడుపు మంట లేదు. ఉన్నది పిల్లా బంతీ. బయటికి కొట్టవే, అవతలి పిల్ల మధ్యకి జరిగి నిలబడింది, బయటికి తిప్పు.

గిలక తల ఎత్తింది. దించింది. బంతి ఎగరేయబోతుండగా అంపైర్ గొంతు వినిపించింది.

"కోచింగ్. పాయింటు శిక్ష."

ఆ పాయింటుతో గేమ్ పోయింది. వెనకే అవతలి పిల్ల తన సర్వీసు నిలబెట్టుకుని సెట్టు తీసుకుంది. చెరొక సెట్టు. గిలక తువ్వాలు ముఖానికి అద్దుకుని అలాగే కూర్చుంది, తియ్యలేదు.

మేనత్త ఒళ్ళు మండిపోయింది. చూశావా, హెచ్చరించినా మానలేదు, పిల్లని ముంచేసింది. లేచి టోపీ మీదికి వెళ్ళబోయింది. అంతలో రిఫరీ మెట్లెక్కి రావడం కనిపించింది. టోపీ దగ్గర ఆగుతాడనుకుంది. ఆగలేదు. టోపీ పక్కనుంచే ఎక్కి, ఒక్కొక్క మెట్టూ దాటి, ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఒకసారి బయటికి వస్తారా?"

మెట్ల కింద నడవా ఒకటుంది. ఒక పక్క నీళ్ళ యంత్రం, ఒక పక్క రాకెట్లకి తీగలు బిగించే గది. తలుపు తెరిచే ఉంది, లోపల యంత్రం సన్నగా మూలుగుతోంది. రిఫరీ ఆ నడవాలో ఆగాడు.

"హెచ్చరిక ఇప్పించినప్పుడు మీ వైపే చూశాను. మీకు అర్థమైందనుకున్నాను. మీరు తల కూడా ఊపారు."

"ఏం అర్థమవ్వాలి?"

"మీరు ఆ కోచ్ చెవి చూడమన్నారు. చూశాను. చెవి పట్టుకుంటోంది, నిజమే. కానీ ఆడే పిల్ల ఆవిడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు మేడమ్. సర్వీసు ముందు ప్రతిసారీ పైకి చూస్తోంది. పైన ఎవరున్నారా అని నేనూ చూశాను. మీరున్నారు."

"నేను ఊరికే కూర్చున్నాను."

"మీ కుడి చెయ్యి ఊరికే కూర్చోలేదు. మోకాలి మీద అరచెయ్యి బయటికి జరిగితే, పిల్ల బయటికి కొడుతోంది. పిడికిలి బిగిస్తే, అవతలి పిల్ల ఒంటి మీదికి కొడుతోంది. వేలు నిలబెడితే మధ్య గీత మీదికి. నాకు రెండు గేములు చాలాయి."

మేనత్త నవ్వబోయింది. నవ్వు రాలేదు. అరచెయ్యి, పిడికిలి, వేలు. గిలకకి ఏడేళ్ళప్పుడు, మాట చెబితే కోర్టు అవతలికి వినిపించదని, తీగ కంచె వెనక నిలబడి ఆమె చూపించిన గుర్తులవి. బయటికి, ఒంటి మీదికి, మధ్యకి. పోటీల్లోకి దిగాక ఇంక వద్దని ఆమే మాన్పించింది. మాన్పించానని అనుకుంది.

"సార్, ఒట్టు, నేను చెయ్యలేదు. అవి ఎప్పుడో వదిలేశాం."

 పక్క కోర్టులో మ్యాచ్ నడుస్తోంది, నడవాలోకి బంతి దెబ్బలు వినిపిస్తున్నాయి. అక్కడెవరో బంతి నేలకేసి కొట్టారు. ఒకటి, రెండు. రిఫరీ ఆమె ముఖం వైపు కాక కిందికి చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. నీళ్ళ యంత్రం మీద ఆనించిన తన కుడి అరచెయ్యి, మెల్లగా, తనని అడగకుండానే, బయటికి జరుగుతోంది.

గభాలున చెయ్యి లాక్కుని రెండో చేత్తో పట్టుకుంది, వేరేవాళ్ళ చెయ్యి దొరికిపోయినట్టు.

అప్పుడే నడవా చివర తలుపు తెరుచుకుంది. సెట్ల మధ్య విరామంలో గిలక ముఖం కడుక్కోవడానికి వెళ్ళి వస్తోంది. వెంట ఒక మహిళా అధికారి ఉంది. విరామంలోనూ నియమం నియమమే: ఆడే పిల్లతో ఎవరూ మాట్లాడకూడదు. రిఫరీ మేనత్త వైపు అరచెయ్యి చూపించాడు. ఒక్క మాట అంటే మూడో ఉల్లంఘన, ఒక గేమ్ పోతుంది.

గిలక ఆగింది. జుట్టు తడిగా నుదుటికి అంటుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్తా మేనకోడలూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డారు. మేనత్త నోరు తెరిచింది, మూసింది. జీవితంలో ఎన్నడూ ఆ పిల్ల ముందు ఆమెకి మాట కరువవలేదు.

గిలక ఆమెతో మాట్లాడలేదు. రిఫరీతో మాట్లాడింది.

"సార్, మా అత్తని బయటే ఉంచెయ్యండి."

"అది నేను ఎలాగూ చెప్పేదే అమ్మా."

"అత్త తప్పు కాదు సార్. అత్తకి తెలీదు. నాకు తెలుసు." పిల్ల నుదుటి మీది తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "అక్క చెప్పేవన్నీ వింటాను. బాగుంటాయి కూడా. కానీ సర్వీసుకి నిలబడితే అత్త చెయ్యి చూడకుండా ఉండలేను. అత్త కనిపిస్తే చూస్తాను సార్. అందుకని కనిపించకుండా చెయ్యండి."

అని, తల వంచుకుని వెళ్ళిపోయింది.

మేనత్త అలాగే నిలబడింది. మూడు వారాలుగా ఆమె దేనికోసం కుళ్ళి చచ్చిందో అది ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉంది. పిల్ల చూపు ఒక్కనాడూ మొదటి వరస మీద ఆగలేదు. నేరుగా పైకే వచ్చింది. ఆ సంగతి తెలిసింది ఎప్పుడు? ఆ చూపును తనే పట్టించాక. గెలిచినట్టూ ఉంది, ఎవరో చెంప పగలగొట్టినట్టూ ఉంది.

బయట, గేటు పక్కన, గోడకి ఆనించి ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చుంటే కోర్టు కనబడదు, చప్పుళ్ళు మాత్రం వస్తాయి. మేనత్త వెళ్ళి కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. కాసేపటికి అడుగుల చప్పుడైంది. టోపీ వచ్చి బెంచీ రెండో చివర కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావ్? నిన్నెవరూ పొమ్మనలేదుగా."

"నేనే వచ్చాను ఆంటీ. మీరు లేకపోతే ఇప్పుడు నా వైపు చూడటం మొదలెడుతుంది. ఎవరూ లేకుండా ఆడనీ."

లోపలి నుంచి అంపైర్ గొంతు సన్నగా వచ్చింది. మూడో సెట్టు మొదలైంది. టోపీ చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్ళింది.

"ఆ చెవి ఎందుకలా లాక్కుంటావ్?" అంది మేనత్త.

"పోటు. విమానం దిగిన దగ్గర్నుంచీ పోవట్లేదు. చుక్కలు వేసుకుంటున్నా."

మేనత్త కళ్ళు మూసుకుంది.

"మీకో మాట చెప్పనా ఆంటీ? మీరంటే నాకు ఒళ్ళు మంట," అంది టోపీ, కోపం లేకుండా, నేల చూస్తూ. "నేను రాత్రంతా అవతలి పిల్ల ఆట చూసి, మధ్యకి కొట్టమని చెబుతాను. సరే అక్కా అంటుంది. కోర్టులోకి వెళ్ళి, పైకోసారి చూసి, బయటికి కొడుతుంది. పోనీ పాయింటు పోతుందా అంటే, పోదు. వస్తుంది. నా కడుపు ఎలా ఉంటుంది చెప్పండి? బ్యాడ్జి నా మెడలో ఉంది. కోచ్ మాత్రం పై మెట్టు మీద కూర్చుని ఉంది."

"మరి నీకు తెలిసి ఎందుకు ఊరుకున్నావ్?"

"చూస్తోందని తెలుసు. ధైర్యానికి చూస్తోందనుకున్నాను. ఆ చెయ్యి సంగతి ఇప్పుడు రిఫరీ చెబితేనే తెలిసింది." టోపీ తల తిప్పింది. "ఆయన ఇంకోటి కూడా అన్నారు. ఎవరో ఫిర్యాదు చేశారట. అవతలి పిల్ల వాళ్ళ నాన్నే అయి ఉంటాడు. పొద్దుటి నుంచీ మన వైపు గుర్రుగా చూస్తున్నాడు."

ఔనని ఊరుకుంటే సరిపోయేది. కానీ లోపల బంతి దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే, అందులో ఏ దెబ్బ గిలకదో మేనత్తకి తెలిసిపోతోంది. ఆ దెబ్బలు వింటూ అబద్ధం ఆడటం చేతకాలేదు.

"ఆయన కాదు. నేను."

"మీరా?"

"నీ మీద చేశాను. చెవితో సైగ చేస్తున్నావని."

 టోపీ తల మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు చెమటకి అణిగిపోయి, చూడబోతే గిలక కన్నా పెద్దదిగా ఏమీ కనిపించలేదు.

"నా మీద చేస్తే పడేది దానికే కదా ఆంటీ."

"తెలుసు."

"తెలిసే చేశారా?"

మేనత్త తల ఊపింది. టోపీ ముఖంలో అసహ్యమే వచ్చిందో, జాలే వచ్చిందో ఆమె చూడలేకపోయింది.

"ఇది దానికి తెలియకూడదు," అంది టోపీ చివరికి. "నా మీద నమ్మకం పోతే ఇంకో కోచ్ వస్తుంది. మీ మీద పోతే దానికి ఆటే పోతుంది."

"నీ దయ నాకక్కర్లేదు."

"మీకోసం కాదు."

తర్వాత ఇద్దరూ వింటూ కూర్చున్నారు. మొదట దెబ్బలు తడబడ్డాయి. రెండు గేములు పోయాయి. ఆ తర్వాత గిలక సర్వీసు చప్పుడు మారింది. ఆగి ఆగి పడే దెబ్బ ఇప్పుడు ఆలోచన లేనంత సాఫీగా పడుతోంది. "మధ్యకి కొట్టింది," అంది టోపీ. "ఊహూ, ఒంటి మీదికి," అంది మేనత్త. ఎవరిది నిజమో తెలిసే వీల్లేదు. అది ఎవరినీ అడగకుండా కొడుతోంది. తొడల కింద మేనత్త చేతులు తిమ్మిరెక్కాయి. తియ్యలేదు.

చప్పట్లు మోగాయి. అంపైర్ చదివింది: ఆరు మూడు, గిలకే గెలిచింది.

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఒకేసారి గేటుకేసి అడుగు వేసి, ఒకరినొకరు చూసుకుని ఆగారు.

గిలక సంచి తనే భుజాన వేసుకుని వచ్చింది. గెలిచిన ముఖం కాదది. ఎవరి చేతుల్లోనూ వాలలేదు. సంచి కింద పెట్టి ఇద్దరినీ చూసింది.

"లోపల గీతలు చూసే లైన్‌మన్ అన్నాడు, ఫిర్యాదు చేసింది మనవాళ్ళేనట. ఎవరు చేశారు?"

 చెప్పెయ్, అనుకుంది మేనత్త. పెదవులు విడిపోయాయి.

"నేనే," అంది టోపీ.

గిలక కదల్లేదు.

"మీ అత్త చెయ్యి చూసి ఆడుతున్నావని చెప్పింది నేనే. ఎన్నాళ్ళిలా చూస్తావ్? మాన్పించాలనుకున్నాను. పాయింటు దాకా పోతుందనుకోలేదు."

అబద్ధమైనా ఎక్కడా అతుకు కనబడలేదు.  ఆ క్షణంలో మేనత్తకు కలగాల్సింది కృతజ్ఞత. కలిగింది మళ్ళీ అదే మంట. చివరికి ఈ మంచితనం కూడా ఈవిడే ఎత్తుకుపోయింది.

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది మీరు," అంది గిలక.

మీరు. టోపీ ఆ మాటకి కళ్ళు దించేసుకుంది. మేనత్త అది విని, వద్దనుకుంటూనే, లోపలెక్కడో తీపిగా మింగింది.

"రేపు సెమీస్‌కి బ్యాడ్జి మా అత్తకి ఇచ్చెయ్యండి మేడమ్. నాకింక ఎవర్నీ చూడక్కర్లేదు, ఇవాళ తెలిసింది. అత్త కూర్చున్నా ఏం కాదు." గిలక సంచి ఎత్తి మేనత్త వైపు చాచింది. "పద అత్తా."

చెప్పడానికి ఇంకా సమయముంది. ఒక్క మాట చాలు. టోపీ ఆమె వైపు చూడట్లేదు. మెడలోంచి బ్యాడ్జి తీస్తోంది, తాడు జుట్టుకు చిక్కుకుంటే మెల్లగా విడదీసుకుంటోంది. గిలక చెయ్యి చాచి ఉంది. మూడు వారాలుగా ఆ చేతిలోంచి ఆ సంచి మేనత్తకి రాలేదు.

తీసుకుంది. భుజాన వేసుకుంది. బ్యాడ్జి కూడా తీసుకుంది. టోపీ వేళ్ళు చల్లగా తగిలాయి.

అత్తా మేనకోడలూ గేటు వైపు నాలుగడుగులు వేశారో లేదో, వెనకనుంచి ఊపిరి తీసుకుంటూ ఒక గొంతు వచ్చింది.

"మేడమ్, ఒక్క నిమిషం. మీరు కాదు కోచ్‌గారూ, పెద్దావిడ." రిఫరీ నడవాలోంచి వస్తున్నాడు, చేతిలో కాయితం, జేబులోంచి తీస్తున్న పెన్ను. "ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ సంతకం ఒకటి కావాలి."

గిలక ఆగి, వెనక్కి తిరిగింది.